మూడు గీతల కుండ

నా జీవితంలో నేను చేసిన దొంగతనం ఒక్కటే. ఒక నీళ్ల కుండ. పట్టపగలు, నడుము మీద పెట్టుకుని, దారిలో ఇద్దరితో కబుర్లు చెబుతూ మరీ తెచ్చాను. అది దొంగతనం అన్న ఊహ కూడా నాకు లేదు. ఆ రోజుల్లో నాకు ముక్కు మీద కోపం, నాలుక మీద తొందర. ఆలోచన మాత్రం ఆ రెండింటి తర్వాత తీరిగ్గా వచ్చేది.

అది 1973, ఫిబ్రవరి నెల. కమాన్‌పూర్ నుంచి గోదావరిఖని వచ్చే దారిలో వాగు మీద నైజాం కాలం నాటి రాతి వంతెన ఉండేది. ఎడ్లబండ్ల కోసం కట్టిన వంతెన. గనులు వచ్చాక దాని మీద బొగ్గు లారీలు ఎక్కాయి. ఒక లారీ దాటేదాకా ఇంకో లారీ ఆగాలి. అది దాటుతుంటే కమానుల సందుల్లోంచి సున్నం రాలేది. వాన గట్టిగా పడితే నీళ్లు వంతెన మీద నుంచే పోయేవి. ఎట్టకేలకు పక్కనే కొత్తది కడదామన్నారు. తీరా చూస్తే కొత్త దారి సరిగ్గా గట్టు మీద గుండ్రంగా పేర్చి ఉన్న బండరాళ్ల మధ్య నుంచి పోవాలి. మా వైపు వాటిని రాకాసి గుళ్లు అంటారు. అవి రెండు వేల ఏళ్ల కిందటి సమాధులు కావచ్చనీ, తవ్వి చూడకుండా పునాది వేయవద్దనీ పురావస్తు శాఖ వాళ్లు ఆపారు. వాళ్లకు రెండు నెలల గడువిచ్చారు.

తవ్వించడానికి వచ్చినాయన రాజం సారు. నలభై ఏళ్ల బక్క మనిషి. చేతిలో పెద్ద గొడుగు, లోపల ఏనాడూ సరిగా లేని కడుపు. కూలీలకు మేస్త్రీ గట్టయ్య కాక. గనిలో కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని పదేళ్లు చేసి, మోకాలు చెడిపోయి మానేశాడు. ఏ బండ కిందికి చెయ్యి పెట్టాలన్నా ముందు గడ్డపారతో తట్టి, చెవి ఒగ్గి విని, అప్పుడు పెట్టేవాడు.

ఇక నేను లిడియాని. గని ఆఫీసులో క్లర్కు మార్కు గారి రెండో కూతుర్ని. మెట్రిక్ పాసై ఇంట్లో కూర్చుని పొద్దున లేస్తే అమ్మతో వాదన పెట్టుకుంటుంటే, ఈ పిల్లకు ఏదో ఒక పని చూపకపోతే ఇల్లు నిలవదని నాన్నే తీసుకొచ్చి సారుకు అప్పజెప్పాడు. నా పని పెంకులు కడగడం. తవ్వకంలో దొరికిన కుండ పెంకులను రేకు పళ్లెంలో నానబెట్టి, పళ్ల బ్రష్షుతో మెల్లగా తోమి, ఆరబెట్టి, ఒక్కొక్కదాని మీద నల్ల సిరాతో సన్న పాళీ పెట్టి నంబరు వేయాలి. నంబరు ఆరాక పైన ఒక పూత వార్నిష్. "పదో తరగతి చదివింది పెంకులు తోమడానికా?" అని అమ్మ అడిగితే, "ఇంట్లో గిన్నెలు తోమడం కంటే ఇదే నయం" అన్నాను. నిజానికి ఆ పని నాకు మొదటి రోజే నచ్చింది. లోపల నల్లగా, బయట ఎర్రగా ఉండే ఆ పెంకుల మీద ఒక్కోసారి ఎవరిదో వేలి గుర్తు కనిపించేది. ఆ గుంటలో నా వేలు పెట్టి చూసుకునేదాన్ని. సారు చూడనప్పుడే.

పెంకులతో పాటు అందరికీ తాగే నీళ్లు అందించడం కూడా నా మెడకే చుట్టుకుంది. మొదటి వారం నా చేతి నీళ్లు తాగడానికి ఇద్దరు ముగ్గురు వెనకాడారు. నేనూ బతిమాలలేదు. ఎండ ముదిరాక వాళ్లే లోటా పట్టుకుని వచ్చారు. అయితే నీళ్లుండేది ఇనుప డ్రమ్ములో. పదకొండు గంటలకల్లా టీకి మరగబెట్టినట్టుండేవి. సారు ఆ నీళ్లు తాగి కడుపు పట్టుకుని గొడుగు కింద ముడుచుకు కూర్చునేవాడు.

"లిడియా, మంచి కుండ ఒకటి ఎక్కడన్న దొరుకుతదేమో చూడరాదు," అన్నాడు ఒకరోజు.

"వాగు గడ్డకు కుమ్మరి లింగవ్వ ఇల్లుంది సారు. పాత కుండలు ఇంకా ఉన్నయేమో," అన్నాడు గట్టయ్య కాక.

నేను వెళ్లాను. లింగవ్వ ఇంట్లో లేదు, ఇటుక బట్టీకి కూలీకి పోయిందట. వాకిట్లో అంచులు విరిగినవీ, పగుళ్లు పట్టినవీ నాలుగైదు కుండలున్నాయి. ఏదీ పనికొచ్చేలా లేదు. తలుపుకు తాళం లేదు, గొళ్లెం పెట్టి ఉంది. తీసి తొంగి చూశాను. మూలన గడ్డి కుదురు మీద, పాత ధోవతి గుడ్డ కప్పి, ఒక కుండ ఉంది. గుడ్డ తీసి చూస్తే ఎంత బాగుందని! కొత్తది. గుమ్మటంలా నిండైన కడుపు, పొట్టి మెడ, గోరుతో తడితే ఖంగుమంది. మెడ కింద మూడు సన్నని గీతలు, అంతే అలంకారం. ఇంత మంచి కుండను ఖాళీగా మూలన పడేసుకున్న మనిషి మీద నాకు కోపం కూడా వచ్చింది. సాయంత్రం చెబుదాంలే అనుకుని ఎత్తుకొచ్చేశాను.

మధ్యాహ్నానికి నీళ్లు చల్లబడ్డాయి. మొదటి లోటా నేనే తాగాను. మట్టివాసనతో, గొంతులోంచి దిగుతుంటే కళ్లు మూతపడేంత చల్లగా ఉన్నాయి. గట్టయ్య కాక రెండు లోటాలు తాగి మూతి తుడుచుకున్నాడు. సారు మూడు తాగి, "కడుపుల వాన పడ్డట్టుంది బిడ్డా" అన్నాడు. ఆ మెప్పుకు నేను పొంగిపోయాను.

పొద్దు వాలుతుండగా లింగవ్వ వచ్చింది. బట్టీ నుంచి ఇంటికి పోయి, మూల చూసి, ఎవరినో అడిగి, అటు నుంచి అటే వచ్చినట్టుంది. నలభై అయిదేళ్లుంటాయి. చేతులకు మోచేతుల దాకా ఇటుక మన్ను, నుదుట రూపాయంత బొట్టు. కుండ దగ్గర గొంతుక్కూర్చుంది. చెమర్చి తడిగా ఉన్న దాని ఒంటి మీద అరచెయ్యి వేసి అలాగే ఉంచింది.

"ఎవలెవలు తాగిండ్రు?" అని అడిగింది.

"అందరం తాగినం అవ్వా. నేనే తెచ్చిన. నువ్వు ఇంట్ల లేవు, సాయంత్రం చెబుదామనుకున్న. వేరే కుండ తేగానే నీది నీకిస్త," అన్నాను గబగబా.

"అది సావు కుండ బిడ్డా."

గట్టయ్య కాక మొహం పాలిపోయింది. పక్కకు పోయి ఉమ్మి వచ్చాడు. మిగతావాళ్లు ఒక్క అడుగు వెనక్కి వేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. మేం క్రైస్తవులం, మాకు ఆ పద్ధతి లేదుగానీ, ఆ ఊళ్లో పెరిగినదాన్ని, నాకు తెలియనిది కాదు. శవం వెంట నీళ్లతో తీసుకుపోయి, చితి చుట్టూ తిరిగి, చివర పగలగొట్టే కుండ. ఆ నీళ్లు పదిహేనుమందికి నా చేత్తో పోసి తాగించాను.

"మాకు ఎట్ల తెలుస్తది లింగవ్వా? కుండలాంటి కుండే గదా," అన్నాడు కాక, నిష్ఠూరంగా.

లింగవ్వ మెడ కింది గీతల మీద వేలు పెట్టింది. "ఒక్క ఆవంల కుండలన్ని కల్సి కాలుతయి. సావు కుండను తెల్వక ఎవలన్న వంటింట్ల పెట్టుకుంటరని, పచ్చిగున్నప్పుడే మెడ కింద గోరుతోటి మూడు గీతలు గీస్తం. మా కుమ్మరోళ్లకే ఎరుక. మీరు కొనుక్కపోయే దాని మీద గీత ఉండదు."

తర్వాత నా వైపు తిరిగింది. తిడుతుందని చూశాను. తిడితే బాగుండేది.

"నీళ్లు సల్లగున్నయా బిడ్డా?"

"ఉన్నయి అవ్వా," అన్నాను.

"ఆయన చేసిన కుండల ఎప్పుడు గంతే. ఎర్రటెండల గూడ సల్లగుంటయి." అంటూ కుండను రెండు చేతులతో లేపి నడుము మీద పెట్టుకుంది. అందులో సగం నీళ్లు ఇంకా ఉన్నాయి. వాటిని పారబోస్తుందనుకున్నాం. ఒక్క చుక్క కూడా ఒలకకుండా ఒళ్లు బిగబట్టుకుని గట్టు వెంట నడిచి వెళ్లిపోయింది.

ఆమె కథ ఆ సాయంత్రం గట్టయ్య కాక చెప్పాడు. పదేళ్ల కిందట ఆమె భర్త ముత్యం ఊళ్లో ఒక్కగానొక్క కుమ్మరి. ఊరి పెద్దాయన ఆగయ్యకు జబ్బు చేసి, ఇక రేపో మాపో అన్నారు. వానాకాలంలో ఆవం కాల్చడం కష్టం. అందుకని అప్పుడు కాల్చబోతున్న ఆవంలోనే ఆగయ్య కోసం ఒక సావు కుండ కలిపాడు ముత్యం. మిగతా కుండలు కావడికి కట్టుకుని, గోదావరిఖని కొత్త కాలనీల్లో అమ్మడానికి తెల్లవారే బయలుదేరాడు. వాగు నిండుగా వస్తోంది. వంతెన మీద మోకాలి లోతు నీళ్లు. కావడితో దిగాడు.

"కుండలు తేలినయి బిడ్డా, మనిషి తేలలే," అన్నాడు కాక. "రెండు కోసుల దాక ఒడ్డు పొంటి కుండలు దొరికినయి, ఒక్కటి గూడ పలగలే. ఎనిమిది దినాలు దేవులాడినం. ఆగయ్య ముసలాయన మాత్రం లేచి కూసున్నడు. ఇప్పటికి గూడ బతికే ఉండు, బీడీలు తాగుకుంట."

"మరి లింగవ్వ?"

"శవం దొరకకపోతే గడ్డిబొమ్మ చేసి కాలుస్తరు గదా. కులపోళ్లు గట్లనే చెయ్యమన్నరు. ఆగయ్య కోసం చేసిన కుండ ఇంట్లనే ఉన్నది, అదే కొట్టమన్నరు. ఆమె ఇనలే. గడ్డిబొమ్మకు నేనెందుకు పలగ్గొట్టాలె అన్నది. ఒడ్డుకు దొరికినయి ఎవలకు వాళ్లు తీస్కపోయిండ్రు, ఆయన చేతి మంచి కుండ ఇగ అదొక్కటే మిగిలింది మరి. పదేండ్లాయె. పెండ్లికి పిలుస్తె ముండమోసిందో పుణ్యస్త్రీయో తెల్వది అని ఎవలు పిలువరు. వంతెన గూడ ఎక్కది. గోదావరిఖని పోవాల్నంటె చుట్టు తిరిగి పోతది."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అమ్మ నుదురు తాకి చూసి జ్వరం లేదంది. మర్నాడు పొద్దున పనికి పోకముందే లింగవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె వాకిలి ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు పక్కన పెట్టింది.

"అవ్వా, తప్పయింది. నన్ను తిట్టు," అన్నాను. క్షమాపణ అడగడం కూడా నాకు దబాయింపులాగే వచ్చేది.

"తిట్టి ఏం చేస్త? దా, లోపలికి దా."

కుండ మళ్లీ మూలన కుదురు మీద ఉంది. నీళ్లు అందులోనే ఉన్నాయి. మేం తాగగా మిగిలినవి. ఆమె వాటిని బిందెలోకి వంచి, ఖాళీ కుండను వెలుతురుకు పట్టింది. "చెయ్యి పెట్టి అడుగున చూడు" అంది. పెట్టాను. కుండ లోపల, సరిగ్గా అడుగు మధ్యలో, బొటనవేలి గుంట ఒకటి తగిలింది.

"చెక్కతోటి కొట్టేటప్పుడు లోపల రాయి పెట్టి పట్టుకుంటరు. ఆయనకు ఆఖరికి బొటనేలు అద్దే అలవాటు. ఎందుకంటె చెప్పకపోయేటోడు. రోజు ఒక్కసారన్న ఏలు పెడుత బిడ్డా. ఎట్ల పలగ్గొట్టాలె? కొట్టకపోతేనేమో ఆయన వాగులనే ఉన్నట్టుంటది. వాన పడ్డప్పుడల్లా తడుస్తున్నడు అనిపిస్తది."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడానికి కుండలోకే చూస్తూ ఉండిపోయాను. ఆ మనిషికి నేనేమీ చేయలేనన్న సంగతి మీద నాకు మహా కోపం వచ్చింది.

తవ్వకం దగ్గరి గుడారానికి తిరిగొచ్చి పెంకుల పళ్లెం ముందేసుకున్నాక గుర్తొచ్చింది. ఆ మూడు గీతలు నేను ఇంతకు ముందే చూశాను. ఆరబెట్టిన పెంకులన్నీ కిందామీదా చేసి వెతికాను. దొరికింది. మొదటి రాళ్ల గుండ్రంలో దొరికిన మెడ ముక్క. నంబరు ముప్ఫై ఏడు, నా చేతిరాతే. నంబరుకు ఆనుకుని, మెడ కింద, మూడు గీతలు. తవ్వేటప్పుడు పార గీసుకుందేమోనని అనుకుని ఊరుకున్నాను.

సారు దాన్ని భూతద్దంతో చూశాడు. "పార గీత కాదు. కాల్చకముందు గీసిందే," అన్నాడు. నేను లింగవ్వను పిలుచుకొచ్చాను. ఆమె పెంకును అరచేతిలో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, తేలిగ్గా అంది: "ఇది గూడ సావు కుండే సారు. మీరు తవ్వేది బొందల గడ్డ."

సారుకు ఒళ్లు పులకరించినట్టుంది. గొడుగు కింద పడేశాడు కూడా. కానీ వెంటనే తమాయించుకున్నాడు. "మూడు గీతలు ఎవలైనా గీస్తరమ్మా. అప్పటోళ్లు ఎందుకు గీసిండ్రో నాకు తెల్వదు. తెల్వంది తెల్సునని రాయలేను," అన్నాడు. "రాయకపోతే ఆమె చెప్పింది గాలికి పోతది సారు" అని నేను వాదించాను. చివరికి నోటుబుక్కులో, ఊరి కుమ్మరి లింగవ్వ ఇలా చెప్పిందని పేరుతో సహా రాసుకున్నాడు. అది చదివి వినిపించమంది ఆమె. రెండుసార్లు వినిపించాను.

అప్పటి నుంచి బట్టీ పని అయిపోగానే లింగవ్వ గుంత ఒడ్డుకు వచ్చి కూర్చునేది. మేం అప్పటికి రెండో రాళ్ల గుండ్రం తవ్వుతున్నాం. ఆరడుగుల లోతున, నాలుగు పలకరాళ్లు పెట్టెలా నిలబెట్టి, మీద ఇంకో పెద్ద పలక మూసి ఉంది. గట్టయ్య కాక దాని నలుమూలలా తట్టి విన్నాడు. "లోపల సగం ఖాళీ ఉంది. మన్ను పూర్తిగ దిగలే," అన్నాడు. గనిలో చేసినట్టే కింద దిమ్మెలు పెట్టి, అంగుళం అంగుళం లేపించాడు. మూత పక్కకు జరిపి, లోపలి మన్ను తీశాక చూస్తే, పెట్టె అడుగున పదకొండు కుండలు వరుసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కటి కూడా పగలలేదు. మధ్యలో మనిషి పడుకునేంత చోటు వదిలారు. ఆ చోట్లో ఒక ఇనుప కొడవలి ఉంది. ఇంకేమీ లేదు.

సారు ఆ మన్నునంతా సన్న జల్లెడలో పట్టించాడు. నాలుగు రోజులు పట్టించాడు. ఎముక ముక్క, పన్ను, బూడిద, ఏదీ లేదు. రోడ్డు వాళ్లు రోజూ వచ్చి, "ఇంకెంత సేపు సారు, ఖాళీ పెట్టెకు గింత ఫికరా?" అని పోయేవారు. అయిదో రోజు సాయంత్రం సారు జల్లెడ పక్కన పెట్టించాడు.

"మొదటి దాంట్లె ఎముకలున్నయి. ఇదే మన్ను, ఇదే లోతు. ఇందులో కరిగిపోయినయంటే నేను నమ్మ," అన్నాడు నాతో. "ఇందులో మనిషిని పెట్టనే లేదు. గిసుంటివి వేరే చోట్ల గూడ దొరికినయి. మనిషి ఎక్కడనో పోయి ఉంటడు. వేటకు పోయిండో, ఏట్లె కొట్టుకపోయిండో. దొరకలే. అయినా రాళ్లు తెచ్చి, పెట్టె కట్టి, ఆయనకు చోటు వదిలిపెట్టి, కుండలు పెట్టిండ్రు. నా అంచనా అంతే."

ఒడ్డు మీద లింగవ్వ కూర్చుని ఉన్న సంగతి మేం మర్చిపోయాం.

"సారు," అంది ఆమె. "మరి కుండలెందుకు పలగ్గొట్టలే?"

"వాళ్లు పలగ్గొట్టకపోయేటోళ్లమ్మా. నీళ్లో గింజలో పోసి, మంచిగ పెట్టి, మూసేటోళ్లు."

"మనిషి లేకున్నా?"

"లేకున్నా."

ఆమె పదకొండు కుండల వంక చాలాసేపు చూసింది. తర్వాత లేచి, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

ఏప్రిల్ మొదటి వారంలో గడువు తీరింది. కుండలు, కొడవలి పెట్టెల్లో ఊక పోసి సర్దాం. కొలతలు తీయడం, బొమ్మలు గీయడం అయింది. రాతి పెట్టెను అలాగే ఉంచి, ఇసుకతో నింపి, పైన వంతెనకు వచ్చే దారి కట్ట పోస్తారు. ఇసుక లారీ వచ్చి నిలబడింది. సారు చొక్కా జేబులోంచి ఆ ఏడాది ముద్ర ఉన్న పైసా ఒకటి తీశాడు.

"అదెందుకు సారు?"

"తవ్విన గుంత మూసేటప్పుడు అడుగున ఈ కాలపు వస్తువు ఏదన్న ఒకటి వెయ్యాలె. రేపు ఇంకెవలన్న తవ్వితే, ఇంతవరకు ముందే ఎవలో తవ్విండ్రు అని తెలుస్తది. లేకపోతే మోసపోతరు."

అప్పుడే గట్టు మీద లింగవ్వ కనిపించింది. నడుము మీద కుండ. నిండా నీళ్లు. తల స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఎప్పటిలాగే పెద్ద బొట్టు పెట్టుకుంది. తిన్నగా వచ్చి సారు ముందు ఆగింది.

"సారు, గా రాతిపెట్టెల గీ కుండ పెట్టనియ్యి."

సారు నా వంక చూశాడు, కాక వంక చూశాడు. "నువ్వు అడిగేది నాకు అర్థమైందమ్మా. కానీ పాత సమాధిల కొత్త కుండ పెడితే అది అబద్ధం చెప్పినట్టయితది. అందులోనూ మూడు గీతలున్నది. వందేండ్లకు ఎవలన్న తీసి, ఇది గూడ అప్పటిదే అని రాసుకుంటరు. నా పనే అట్ల జరగకుండ చూసుడు."

ఆమె తల ఊపింది, న్యాయమే అన్నట్టు. వెనక్కి తిరగలేదు, అలాగని బతిమాలలేదు. కుండ బరువుకు ఒక పక్కకు ఒరిగి నిలబడింది. పదేళ్లలో ఆమె ఎవరినైనా ఏదైనా అడిగిందా అనిపించింది నాకు.

"సారు, పైసాకు బదులు ఈ కుండనే గుర్తు అనుకుంటే?" అన్నాను. "దాని మీద పేరు రాస్త, సంవత్సరం రాస్త. నా సిరా ఉంది, వార్నిష్ ఉంది. మా దాంట్లె సమాధుల మీద పేరు రాస్తరు గదా. ఇగ ఎవలు మోసపోతరు?"

సారు చేతిలో పైసాను కాసేపు తిప్పాడు. తర్వాత జేబులో వేసుకున్నాడు. "మంచిగ, పెద్ద అక్షరాలతో రాయి" అన్నాడు.

తడి కుండ మీద సిరా పట్టదు. నీళ్లు తీయాలి. లింగవ్వ పారబోయనివ్వలేదు. "మొదలు నువ్వే తాగినవు, ఇప్పుడు గూడ నువ్వే తాగు" అని లోటా నా చేతికిచ్చింది. తాగాను. సారు తాగాడు. మిగతావాళ్లు కాళ్లు ముందుకీ వెనక్కీ వేస్తుంటే, గట్టయ్య కాక దగ్గి, గొంతు సవరించుకుని, ముందుకొచ్చి దోసిలి పట్టాడు. ఆయన తాగాక అందరూ వచ్చారు. లింగవ్వ తనే అందరికీ పోసింది. ఆఖరి లోటా తను తాగింది. తన భర్త చేసిన ఆ కుండలోంచి ఆమె నీళ్లు తాగడం అదే మొదటిసారి.

"బొట్టు సంగతి ఏంది లింగవ్వా మరి?" అన్నాడు కాక మెల్లగా.

"అది నేను చూసుకుంట. నువ్వు నీ మోకాలు చూసుకో," అంది.

కుండను ఎండలో బోర్లించాం. గంటకు ఆరింది. ఒళ్లో పెట్టుకుని పాళీ తీశాను. ముత్యం అని రాశాను. కింద 1973 అని రాశాను. లింగవ్వ నా భుజం మీది నుంచి వంగి చూస్తోంది.

"గివి రెండేనా అక్షరాలు ఆయన పేరుకు?"

"రెండే అవ్వా. పక్కన ఒక సున్న."

"ఇంక జాగ ఉన్నది గదా. లింగవ్వ ఇచ్చింది అని గూడ రాయి. ఎవలిచ్చిండ్రని ఆయన అడుగుతడు."

రాశాను. ఆ లైను వంకర పోయింది. పైన వార్నిష్ పూసి, తడి ఆరేదాకా ముట్టుకోవద్దని చెప్పి కుండను మా ఇద్దరి మధ్య పెట్టాను. ఆమె దాని చుట్టూ చేతులు అడ్డం పెట్టి, దుమ్ము పడకుండా కాపలా కూర్చుంది. ఖాళీ కుండలోకి చెయ్యి పోనిచ్చి, అడుగున బొటనవేలు పెట్టుకుంది.

ఇసుక లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు. సారు అతని దగ్గరకు వెళ్లి ఏదో చెప్పి వచ్చాడు.

"ఆరిందా బిడ్డా?" అని అడిగింది లింగవ్వ.

ఏప్రిల్ ఎండలో వార్నిష్ ఆరడానికి పది నిమిషాలు చాలు. మేం కూర్చుని అరగంట దాటింది. పెంకులు వందల కొద్దీ ఆరబెట్టినదాన్ని, నాకు తెలియదా?

"ఇంకా కొంచెం తడి ఉంది అవ్వా," అన్నాను.

సారు విన్నాడు. గొడుగు భుజం మార్చుకుని వాగు వైపు తిరిగి నిలబడ్డాడు. మళ్లీ హారన్ మోగలేదు. పాత వంతెన మీద బొగ్గు లారీలు ఒకటి దాటాక ఒకటి దాటుతున్నాయి. మళ్లీ అడిగింది. మళ్లీ తడే అన్నాను. మూడోసారి ఆమె అడగలేదు. కుండలోంచి చెయ్యి తీసి, ముత్యం పేరు మీద వేలు పెట్టి, నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివర దాకా రుద్దింది. వేలిని ఎండకు పట్టి చూసుకుంది. నలుపు అంటలేదు.

"ఆరింది బిడ్డా," అంది, నా అబద్ధానికి నా తల నిమిరి. కాక చెయ్యి పట్టుకుని గుంతలోకి దిగి, కుండను రాతిపెట్టె మధ్యలో, వాళ్లు వదిలిపెట్టిన ఖాళీ చోట్లో పెట్టింది. కుదురుగా కూర్చుందో లేదో అటూ ఇటూ కదిపి చూసింది. తర్వాత తలెత్తి నన్ను పిలిచింది.

"ఇగ పోయి నీళ్లు తే బిడ్డా. వాగు నీళ్లే తే."

నేను చెంబు తీసుకుని వాగు దగ్గరకు వెళ్లాను.